కోటులో సార్జెంటు

ఓరెస్ట్ బాబియాక్ నోరు తెరిచాడంటే బెర్నీస్ హోటల్లో కాఫీలు చల్లారిపోవాల్సిందే. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఓరెస్టుకి ఇంకా బాగా తెలుసు. తెలిసి ఏం లాభం? మాట మొదలుపెట్టేవరకే అది అతని చేతిలో ఉంటుంది. ఆ తర్వాత దాని దారిన అది పోతుంది, ఓరెస్టు ఆయాసపడుతూ దాని వెనక పరిగెడుతుంటాడు.

ఆ జనవరి మధ్యాహ్నం బయట మైనస్ ముప్పై అయిదు. ఇంజన్లు గడ్డకట్టకుండా ట్రక్కులన్నిటినీ హోటలు గోడకి కరెంటు తీగలతో కట్టేశారు, పాకలో గొడ్లని కట్టేసినట్టు. లోపల కిటికీ పక్కనున్న పొడుగు బల్ల దగ్గర రోజూ కూర్చునే వాళ్ళే కూర్చున్నారు. అందరూ కోట్లు విప్పి కుర్చీలకి తగిలించారు. ఓరెస్టు ఒక్కడే మెడ దాకా జిప్పు లాక్కుని, నుదుటి మీద చెమట తుడుచుకుంటూ, ఎడం చెయ్యి కోటులోకి దూర్చి కూర్చున్నాడు.

ఆ చేతి కింద సార్జెంటు ఉన్నాడు.

సార్జెంటు అంటే గినీ పంది. పేరుకే పంది, చూడ్డానికి పొట్టి చెవుల కుందేలు పిల్లలా ఉంటాడు, దోసిట్లో సరిపోతాడు. మనవరాలు వాళ్ళు నగరంలో కొత్త ఫ్లాటులోకి మారినప్పుడు, అక్కడ జంతువుల్ని ఉంచనివ్వరని, రెండు నెలలు చూసుకోమని అన్నదమ్ముల్నిద్దర్నీ తెచ్చి ఇచ్చారు. సార్జెంటూ, కార్పొరలూ. ఆ రెండు నెలలు మూడేళ్ళయ్యాయి. ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, ఇద్దరూ కలిసి ఈల వేసినట్టు కూసేవారు, మేడ మీద ఉన్నవాళ్ళు కూడా దిగి వచ్చేవారు. నవంబరులో కార్పొరలు పోయాడు. ఆ రోజు నుంచి సార్జెంటు కూయలేదు. పెట్టింది కాస్త కొరికి, గోడ వైపు తిరిగి కూర్చునేవాడు.

ఊరి బడిలో ఒక ఆడ గినీ పంది ఒంటరిగా ఉంది, పేరు పెరోగి. దాన్ని తెచ్చి జత చెయ్యొచ్చు. అయితే ముందు సార్జెంటుకి ఆపరేషన్ చేయించాలి. చేయించకుండా కలిపితే, తొలి కాన్పు వయసు దాటిపోయిన పెరోగి పిల్లల్ని కంటూ చచ్చిపోతుందని పశువుల డాక్టరమ్మ చెప్పింది. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పింది. ఇంత చిన్న జీవికి మత్తు ఇవ్వడం ఎప్పుడూ కాస్త భయమే, చాలామంది లేస్తారు, ఎవరో ఒకరు లేవరు.

ఓరెస్టు భార్య స్టెఫా ఆ రెండు మాటలూ విని, "తేల్చాల్సింది నువ్వే. ఇది నీ పని కదా," అని, చర్చి నేలమాళిగలో ఆడవాళ్ళతో కలిసి, ఉడకబెట్టిన కజ్జికాయల్లాంటి పెరోగీలు ఒత్తడానికి వెళ్ళిపోయింది.

నీ పని అని ఎందుకు అందంటే, ఓరెస్టు చేతికి ఆ చుట్టుపక్కల పేరు అలాంటిది. వసంతకాలంలో దూడలకి గుర్తుగా వాతలు పెట్టే రోజున కత్తి పట్టుకోవడానికి ఎవరింటికైనా ఓరెస్టునే పిలిచేవారు. దూడ అరిచేలోగా విత్తులు తీసి బకెట్లో వేసేవాడు. సాయంత్రం వాటినే వేయించి పెడితే రెండోసారి కూడా వడ్డించుకునేవాడు. అలాంటి మనిషి ఇవాళ, రెండింటికి ఆపరేషన్ అనగా, క్లినిక్ ముందు ట్రక్కు ఆపి, కాసేపు చూసి, రోడ్డుకి ఇవతల ఉన్న బెర్నీస్ హోటలుకి తిప్పుకొచ్చేశాడు. ఒక్క కాఫీ తాగి వెళ్దాం అనుకున్నాడు. సార్జెంటుని ట్రక్కులో వదిలేస్తే ఆ చలికి బిగుసుకుపోతాడు కనక కోటులో వేసుకొచ్చాడు. ఇది మూడో కాఫీ.

"ఏమయ్యా ఓరెస్టూ, కోటు విప్పవేం?" అన్నాడు క్లెమ్. క్లెమ్ ఒకప్పుడు రోడ్ల మీద మంచు తోసే బండి నడిపేవాడు. ఇప్పుడు ఎవరినైనా మాటల్లోకి తోయడమే అతని పని.

"చలిగా ఉంది."

"చెమట కారుతోందిగా?"

"అది చలి చెమట."

క్లెమ్ హాల్వోర్ వైపు చూశాడు. హాల్వోర్ కాఫీ వైపు చూశాడు. నలభై ఏళ్ళు ఓరెస్టు పొలం పక్కనే సేద్యం చేసిన ఆ పొడుగాటి మనిషి, అవసరమైతే తప్ప మాట్లాడడు.

"అది సరేగానీ, ఇవాళ మీ వాడికి ఆపరేషన్ అట కదా? స్టెఫా చెప్పిందట మా ఆవిడతో," అన్నాడు క్లెమ్.

నిజం చెప్పడానికి అది మంచి అవకాశం. ఓరెస్టు నోరు తెరిచింది కూడా నిజం చెబుదామనే.

"ఆపరేషనా? వాడికా?" అంది నోరు. "రద్దు చేసేశాను. వాడిప్పుడు ఇంట్లో సోఫా మీద పడుకుని హాకీ చూస్తున్నాడు."

"రద్దు ఎందుకు?"

"ఎందుకంటే వాడు మామూలు గినీ పంది కాదు కనక. మీకు పక్కింటి పిల్లి సంగతి చెప్పలేదు కదూ? ఆ పిల్లిని చూసి ఊళ్ళో కుక్కలు రోడ్డు దాటి అవతలి వైపు నడుస్తాయి, అవునా కాదా? అది మొన్న మా వంటింట్లోకి దూరి తిన్నగా సార్జెంటు పంజరం ముందు కూర్చుంది. ఇంకో పందైతే గడ్డిలో దూరి ప్రాణం విడిచేది. వీడు కదల్లేదు. దాని కళ్ళలోకి చూసి పళ్ళు ఒక్కసారి కటకటలాడించాడు. పిల్లి లేచింది, వెనక్కి తిరిగింది, పోయింది."

ఇంతవరకు దాదాపు నిజమే. పిల్లి వచ్చిన మాట నిజం, వెళ్ళిన మాటా నిజం. మధ్యలో స్టెఫా చీపురు ఒకటి ఉంది, దాన్ని మాత్రం వదిలేశాడు. ఇక్కడితో ఆపితే మర్యాదగా ఉండేదని ఓరెస్టుకి తెలుసు. కానీ కోటు లోపల సార్జెంటు గుండె అతని వేళ్ళ కింద టకటకమని కొట్టుకుంటోంది, గోడ మీద గడియారం రెండుకి దగ్గరపడుతోంది. ఊరుకోవడానికి భయమేసింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పిల్లి వెళ్ళి ఎవరితో ఏం చెప్పిందోగానీ, వారం తిరక్కుండా నక్క వచ్చింది, మా కోళ్ళ గూడు మీదికి. నేను తుపాకీ కోసం వెతుక్కుంటున్నాను, బూట్లు వేసుకుంటున్నాను, ఈలోగా వీడు తలుపు సందులోంచి దూరి వెళ్ళిపోయాడు, ఒంటరిగా, ఆ మంచులో. స్టెఫా, వాడి పని అయిపోయింది అని ఏడుపు. నేనూ అదే అనుకున్నాను. తీరా వెళ్ళి చూద్దునుకదా, నక్క గూడు ముందు బుద్ధిగా కూర్చుని కాపలా కాస్తోంది. వీడు దాన్ని పనిలో పెట్టుకున్నాడు."

"జీతం?" అన్నాడు క్లెమ్.

"రోజుకో గుడ్డు. ఆదివారం సెలవు."

"మీ ఇంటికి నేను ఆదివారమే వచ్చాను," అన్నాడు హాల్వోర్. "నక్క కనపళ్ళేదు."

"మరి అదేగా చెబుతున్నాను," అన్నాడు ఓరెస్టు.

బల్ల చుట్టూ నవ్వారు. నవ్వు వినగానే ఓరెస్టు వెన్ను నిటారైంది. హోటలు నడిపే బెర్నీస్ వచ్చి కప్పు నింపింది. నాలుగో కాఫీ.

"ఇది ఏమంత గొప్ప కాదు. డిసెంబరులో మంచు తుఫాను వచ్చిందా? ఆ రోజు నా ట్రక్కు ఉత్తరం రోడ్డు మలుపులో గోతిలోకి జారిపోయింది. ఫోను పలకదు, దారిన పోయే నరమానవుడు లేడు. ఏం చేస్తాను? పక్క సీట్లో వీడున్నాడు, షికారుకని తీసుకెళ్ళాను. నా మొహంలోకి చూశాడు. ఆ చూపు మీరు చూడలేదు, చూసి ఉంటే ఇలా నవ్వరు. గడ్డిమోపులు కట్టే తాడు ఉంటే ఒక కొస బంపరుకీ, ఒక కొస వీడి నడుముకీ కట్టాను."

"ఎంత బరువుంటాడు?" అన్నాడు హాల్వోర్.

"కిలో."

"ట్రక్కు?"

"మధ్యలో మాట్లాడకు. వీడు నాలుగు కాళ్ళూ తన్నిపట్టి ఒక్క లాగు లాగాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ట్రక్కు రోడ్డు మీదికి వచ్చింది. ట్రక్కుతో ఆగలేదు, దాని వెనకాల రోడ్డు కూడా కొంత వచ్చేసింది. ఆ మలుపు అంత వంకరగా ఎందుకుందనుకున్నారు?"

"ఆ మలుపు నా చిన్నప్పటి నుంచీ ఉంది."

"అప్పుడు మర్యాదగా తిరిగేది. ఇప్పుడు వెళ్ళి చూడు."

ఓరెస్టు వేళ్ళు కోటు లోపల సార్జెంటు వీపు మీద తిరుగుతున్నాయి. నవంబరు నుంచి చిక్కిపోయి వెన్నెముక చేతికి తగులుతోంది. తగిలినప్పుడల్లా ఓరెస్టు కథలో వాడు ఇంకాస్త పెరుగుతున్నాడు. ఈ వేగాన పోతే రెండింటికల్లా ఏనుగు అయ్యేలా ఉన్నాడు. ఇలా కూర్చుని వాగడం సిగ్గుచేటని ఓరెస్టుకి అనిపిస్తూనే ఉంది. అయినా కప్పు మళ్ళీ అందుకున్నాడు.

"సరే, ఇంతకీ ఆపరేషన్ ఎందుకొద్దన్నట్టు?" అని క్లెమ్ మళ్ళీ మొదటికొచ్చాడు.

"చెప్పనీ. ఆ ట్రక్కు లాగిన కబురు అడవిలో పాకిపోయింది. పొద్దున లేచి చూస్తే మా కంచె పొడుగునా ఆడ కుందేళ్ళు. వాటి వెనక నేల ఉడతలు. పక్క రాష్ట్రం మానిటోబా నుంచి కాలినడకన వచ్చినవి కూడా ఉన్నాయి, పాపం పాదాలు బొబ్బలెక్కాయి. అన్నీ వీణ్ణి చూసుకోవడానికే, పెళ్ళిచూపులకి వచ్చినట్టు."

"నేల ఉడతలు చలికాలమంతా బొరియల్లో నిద్రపోతాయిగా," అన్నాడు హాల్వోర్.

"నిద్ర మానుకుని వచ్చాయి. అందుకే కదా చెబుతున్నది, వాడి పేరు అలాంటిది. ఇక ఆ వరస చిట్టచివర ఏముందో తెలుసా? అడవి దుప్పి. ఆడది. ఇంత ఎత్తు. పాపం సిగ్గుపడి చెట్టు చాటున నిలబడింది, చెట్టేమో దాని మోకాలి దాకా వచ్చింది. మా వాడు కిటికీలోంచి ఒకసారి చూసి, ఇవాళ కుదరదు అన్నట్టు తల తిప్పుకున్నాడు. అలాంటివాడికి నేను ఆపరేషన్ చేయిస్తానా? ఆ ఆడవాళ్ళందరికీ ఏం సమాధానం చెప్పను?"

పక్క బల్లల వాళ్ళు కూడా కుర్చీలు ఇటు తిప్పుకున్నారు. బెర్నీస్ శాండ్విచ్‌లు చేస్తూ కౌంటరు వెనక నుంచి, "డాక్టరమ్మ ఏమంది మరి?" అని అడిగింది.

"డాక్టరమ్మ? అయ్యో, నీకు చెప్పలేదు కదూ. పోయిన వారం తీసుకెళ్ళాను. మర్యాద కోసం. బల్ల మీద పడుకోబెట్టి వీడి మొహానికి మత్తు గొట్టం పెట్టింది. వీడు బుగ్గల నిండా పీల్చాడు. పీల్చి ఊరుకున్నాడా? తిరిగి ఆమె మొహం మీదికే ఊదాడు. ఆమె నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే నిద్రపోయింది, గురక కూడాను. నర్సుని పిలుద్దామంటే నర్సు అప్పటికే కుర్చీలో నిద్ర. బయట పేషెంట్లు క్యూ కట్టి ఉన్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సార్జెంటు బల్ల దిగాడు. చేతులు కడుక్కున్నాడు. మొదటి పేషెంటు ఎవరనుకున్నారు, పక్కింటి పిల్లి. మగ పిల్లి. అదీ అందుకే వచ్చింది. వీణ్ణి చూసి బిక్కచచ్చిపోయింది. వీడు కత్తి తీసి, ఒక్కటంటే ఒక్క గాటు పెట్టి, నేను దూడలకి చేసేదానికన్నా శుభ్రంగా..."

సరిగ్గా అప్పుడు బెర్నీస్ కౌంటరు వెనక లెట్యూస్ ఆకుల సంచి విప్పింది. ప్లాస్టిక్ సంచి కరకరమంది.

"వీక్," అంది ఓరెస్టు కోటు.

ఓరెస్టు దగ్గాడు. బెర్నీస్ సంచిలోంచి ఆకులు లాగింది, సంచి మళ్ళీ కరకరమంది.

"వీక్, వీక్, వీఈఈక్," అని కోటు ఈల వేసినట్టు గట్టిగా కూసింది. కోటు ఛాతీ దగ్గర పొంగింది, కుంగింది, మళ్ళీ పొంగింది.

అందరి చూపూ ఆ కోటు మీద పడింది. హాల్వోర్ కప్పు కింద పెట్టాడు.

"ఓరెస్టూ," అన్నాడు, "నీ కోటు సలాడ్ అడుగుతోంది."

అప్పుడు లేచిన నవ్వుకి కిటికీ అద్దాలు అదిరాయి. క్లెమ్ బల్ల మీద తల పెట్టేశాడు. మామూలుగా అయితే ఓరెస్టు ఏదో ఒకటి అనేవాడు, మాట పట్టుకుని గట్టెక్కేవాడు. ఇవాళ జిప్పు కిందికి లాగాడు. గోధుమరంగు తల ఒకటి బయటికొచ్చింది, నెత్తి మీద సుడి, మీసాలు వణుకుతున్నాయి. ఓరెస్టు కళ్ళు తడిశాయి.

"కూశాడు," అన్నాడు. "తమ్ముడు పోయాక ఇదే మొదటిసారి. మీరు విన్నారుగా? కూశాడు."

నవ్వు ఆగిపోయింది.

"నా హోటల్లోకి జంతువుల్ని తేకూడదని గోడ మీద రాసి ఉంది," అంది బెర్నీస్. అంటూనే ఒక పెద్ద ఆకు తెచ్చి బల్ల మీద పరిచింది.

సార్జెంటుని కప్పుల మధ్యలో దింపారు. నక్కకి పని ఇచ్చినవాడు, రోడ్డుని ఈడ్చినవాడు, ఆ కెచప్ సీసా పక్కన సీసా అంత కూడా లేడు. ఆకు అంచు పట్టుకుని కొరకడం మొదలుపెట్టాడు. క్లెమ్ మాట్లాడితే తల అటు తిప్పాడు, హాల్వోర్ గొంతు సవరించుకుంటే ఇటు తిప్పాడు. నములుతూనే మధ్యమధ్యలో కూస్తున్నాడు. ఇంట్లో ఇదే ఆకు రెండు నెలలుగా వాడిపోతే పారేస్తున్నారు.

"జనం ఉన్నారని తింటున్నాడు," అన్నాడు హాల్వోర్. "మందలోంచి ఒక్క దూడని విడదీసి కట్టేస్తే ఎలా అరుస్తుందో నీకు నేను చెప్పక్కర్లేదు. వీడు అరవడమే మానేశాడు, అంతే తేడా."

ఓరెస్టుకి ఆ మాట తగిలింది. పంజరంలో గోడ వైపు తిరిగి కూర్చున్న వీపు గుర్తొచ్చింది. స్టెఫా, తనూ ఎంత పలకరించినా తిరగని వీపు. వీణ్ణి కాపాడుతున్నానని అనుకుంటూ, రోజూ ఆ గోడకే అప్పగిస్తున్నాడు. అది ఇప్పుడు తెలిసింది.

"మత్తులోంచి లేవకపోతే?" అన్నాడు. వేలితో సార్జెంటు నెత్తి మీద సుడి నిమిరాడు. "వెయ్యి దూడలకి చేశానురా. ఒక్కదాని పేరు నాకు తెలీదు. వీడు నా గడ్డం కింద పడుకుంటాడు. నాకు భయంగా ఉందిరా హాల్వోర్."

ఆ బల్ల దగ్గర ఓరెస్టు అంత చిన్న మాట అనడం అదివరకెప్పుడూ ఎవరూ వినలేదు.

"ఉంటుంది," అన్నాడు హాల్వోర్. "కానీ నీ కథలో వాడు డాక్టర్నే నిద్రపుచ్చాడు కదా. ఆ మాత్రం నమ్మకం నీక్కూడా లేదా?" అని లేచి కోటు తొడుక్కున్నాడు. "పద. నేనూ వస్తాను. నువ్వు వాణ్ణి పట్టుకో, తలుపులు నేను తీస్తాను."

క్లెమ్ గబగబా రెండు ఆకులు మడిచి ఓరెస్టు జేబులో పెట్టాడు. "లేచాక ఆకలేస్తుంది వాడికి," అన్నాడు. లేచాక అన్నందుకు ఓరెస్టు అతని భుజం గట్టిగా నొక్కి, సార్జెంటుని మళ్ళీ కోటులో వేసుకుని రోడ్డు దాటాడు.

ఆ తర్వాత రెండు రోజులు అతను హోటలుకి రాలేదు. సార్జెంటు ఎలా ఉన్నాడో కనుక్కుందామని క్లెమ్ రెండుసార్లు ఫోను తీసి, చెడు కబురు వినాల్సి వస్తుందేమోనని రెండుసార్లూ పెట్టేశాడు. హాల్వోర్‌ని అడిగితే, "వాడి సంగతి ఓరెస్టే చెబుతాడు," అన్నాడు తప్ప ఇంకేమీ చెప్పలేదు. మూడో రోజు ఓరెస్టు వచ్చాడు. కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. నుదుటి మీద పెద్ద ప్లాస్టరు ఉంది.

బెర్నీస్ కాఫీ పాత్ర పట్టుకునే అడిగింది, "ఎలా ఉన్నాడు?"

"తింటున్నాడు. పొద్దున ఫ్రిజ్ తలుపు తీస్తే కూశాడు. స్టెఫా బడికెళ్ళి పెరోగిని తెచ్చింది. ఇప్పుడే కలపకూడదట, కొన్ని వారాలు ఆగాలట. మధ్యలో జాలీ పెట్టాం. ఇద్దరూ జాలీకి ముక్కులు ఆనించి పడుకున్నారు."

ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు. ఓరెస్టు చెప్పిన మాటని ఆ బల్ల ఉన్నదున్నట్టు నమ్మడం అదే మొదటిసారి. ఆ మర్యాద ఓరెస్టుకి అలవాటు లేదు. కాసేపు కుర్చీలో అటూ ఇటూ మెసిలాడు, కాఫీ కలిపాడు, కప్పు తిప్పాడు. ఇక వల్ల కాలేదు.

"అసలు ఆపరేషన్ రోజు ఏం జరిగిందో మీకెవరూ చెప్పలేదు కదూ? డాక్టరమ్మ కత్తి ఎత్తింది. ఎత్తేసరికి ఆమె చెయ్యి వణుకుతోంది. నేను పక్కనే రాయిలా నిలబడి, భయపడకమ్మా, ఇలా పట్టుకో అని ధైర్యం చెప్పాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుసు," అన్నాడు హాల్వోర్. "నేనక్కడే ఉన్నాను."

అందరూ అతని వైపు తిరిగారు.

"డాక్టరమ్మ కత్తి తియ్యనే లేదు. ముందు పొట్ట కింద కాస్త బొచ్చు గొరుగుతాం, బాబియాక్ గారూ, అని చెప్పింది. ఆ బొచ్చు మాటకే ఈయన కుర్చీలోంచి జారి, బల్ల అంచుకి తల కొట్టుకుని, నేల మీద పొడుగ్గా పడుకున్నాడు. సార్జెంటు చక్కగా నిద్రపోయాడు, చక్కగా లేచాడు, లేచి ఆకు తిన్నాడు. ఈయన్ని లేపడానికే ఇద్దరు నర్సులు కావాల్సొచ్చింది."

క్లెమ్ నవ్వాలా వద్దా అని ఓరెస్టు మొహంలోకి చూశాడు. ఓరెస్టు నుదుటి మీద ప్లాస్టరు తడుముకున్నాడు. కప్పు కింద పెట్టాడు. వెన్ను నిటారు చేశాడు.

"ఇద్దరేమిటి?" అన్నాడు. "నలుగురు. ఇద్దరు లేపితే లేచే మనిషినా నేను?"